ఉంగరం తాకట్టు

సాన్ ఎమెతేరియోలో వీధి దీపాలు నూట పద్నాలుగు.
ముప్ఫయ్యారేళ్ళు వాటిని వెలిగించినవాడు
ఎలెవుతేరియో.
ఏ స్తంభానికి ఏ జబ్బో
చీకట్లో తడిమి చెప్పగలడు.
ఈ రాత్రి వాటిని ఆర్పమని
ఊరు అతన్నే అడిగింది.

ఫ్యూజు పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు.
"నేను పెంచిన కోళ్ళని నన్నే కొయ్యమంటున్నారు" అన్నాడు.
మీట కిందికి లాగాడు.

చీకటి మెల్లగా రాలేదు.
గోనెసంచి బోర్లించినట్టు పడింది.
ఎవరి పిల్లో కెవ్వుమని, వెంటనే నవ్వింది.
కుక్కలు కాసేపు మొరిగి
ఎందుకు మొరిగాయో మర్చిపోయాయి.

గడ్డి మొలవని ఫుట్‌బాల్ మైదానం,
వలలేని గోలు ముందు టెలిస్కోపు.
కెమిస్ట్రీ టీచరు యస్నా, తమ్ముడి ట్రక్కులో
రెండు పరుపుల మధ్య
బాలింతను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చింది.
తూర్పున గొల్లకావడి లేస్తోంది.
ఇక్కడివాళ్ళకు అది ముగ్గురు మరియలు.
భూమికి ఈ కొసన
కావడి మోసేవాడు తలకిందులుగా నడుస్తాడు,
ఒక్క చుక్కా ఒలకదు.

వరస పెనాల్టీ గీత దాటి
కార్నరు జెండా దాకా సాగింది.
రాగి గనిలో డ్రిల్లు పట్టిన బెలిసారియో అడిగాడు:
"ఏ కంటితో చూడాలి?"
"బాగున్నదానితో."
"అయితే ఎడమది. కుడిది కంపెనీ ఉంచుకుంది."

అప్పుడు కనపడింది,
ఊరి చివర ఆరని దీపం ఒకటి.
బేకరీ గుమ్మం.
దాని వెనకే ఓర్తెన్సియా,
మోచేతుల దాకా పిండితో, కయ్యానికి కాలు దువ్వుతూ.
"రాత్రంతా నేను గుడ్డిదాన్లా రొట్టెలు కాల్చాలా?
ఇంతకీ ఏం చూస్తున్నారు?"

శని, అన్నారు.
ఆ పేరు చెబితే
నువ్వుల నూనె వెతుక్కునేవాళ్ళు లేరు ఇక్కడ.
అందరూ పక్కకు జరిగి దారిచ్చారు.

చూసింది.
గొట్టం ముందుకెళ్ళి లోపలికి తొంగి చూసింది.
అద్దానికి బొమ్మ అంటించారేమోనని
వేలితో గీకబోతే యస్నా ఆపింది.
మళ్ళీ చూసింది.

"శనికి ఉంగరం ఉంటుందంటారే, ఏదీ?
తాకట్టు పెట్టాడా ఏం?"

మైదానమంతా గొల్లుమంది.
తర్వాత ఆ నవ్వు
ఎక్కడ ఆగాలో తెలియక ఆగిపోయింది.
గని మూతపడ్డ ఏడాది
కొండ దిగి, రెండు బస్సులు మారి
వడ్డీ కొట్టు ముందు నిలబడ్డ వరస
దాదాపు ఇదే.
ఇదే క్రమంలో కూడా కావచ్చు.
చీకట్లో ఎవరి బొటనవేలు వాళ్ళ
ఉంగరపువేలి మొదలును తడిమింది.

యస్నాకు అప్పుడు పదమూడేళ్ళు.
అమ్మ చేతికి తెల్లటి గీత
ఎండకు నల్లబడటానికి ఎన్ని నెలలు పట్టిందో
ఆమె లెక్కపెట్టింది.

"ఎక్కడికీ పోలేదు" అంది.
"పదిహేనేళ్ళకోసారి అంచు మనవైపు తిప్పుతాడు.
కాగితాన్ని కంటికి ఎదురుగా
పడుకోబెట్టి చూసినట్టు.
బాగా చూడండి, నడుమ సన్నటి గీత ఉంటుంది."

ఓర్తెన్సియా మాట్లాడలేదు.
ఇంటికెళ్ళి దీపం ఆర్పి వచ్చి
వరస చివర నిలబడింది.
ఈసారి ఆమె వంతు వచ్చినప్పుడు
ఎవరూ తొందరపెట్టలేదు.
"ఉంది" అంది. అంతే.

పన్నెండింటికి మీట పైకెత్తాలి.
ఎలెవుతేరియో చెయ్యి దానిమీదే ఉంది.
"ఇంకో అయిదు నిమిషాలా?" అని కేకేశాడు.
జవాబు రాలేదు.
ఆ మౌనాన్ని అతను
తనకు వీలైనట్టు అర్థం చేసుకున్నాడు.
ఒంటిగంటకు సముద్రం మంచు
లోయలోకి పాకి వచ్చి
ఆకాశాన్ని తానే మూసింది.

మర్నాడు రొట్టె రెండు గంటలు ఆలస్యం.
ఎవరూ అడగలేదు.
గుండ్రటి రొట్టె మీద రోజూ
ముళ్ళగరిటెతో పొడిచే చుక్కలు లేవు,
నడిమధ్యన అడ్డంగా
సన్నటి కత్తిగాటు ఒకటి.